కేస్‌షీట్‌కు 72 గంటలు, కేసుకు రెండేళ్లు

గుడివాడలో ఒక నర్సింగ్‌హోమ్‌లో ఆపరేషన్ జరిగిందనుకుందాం. బిల్లు రూ.48 వేలు కట్టారు. ఆపరేషన్ వికటించి మనిషి పోయారు. తప్పు ఆసుపత్రిదేనని ఇంటివాళ్ల నమ్మకం. రూ.30 లక్షల పరిహారం కోరుతూ బందరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలంటే వాళ్లు కట్టాల్సిన ఫీజు సున్నా.

చాలామంది నమ్మరు. ‘లక్షకు ఇంత చొప్పున స్టాంపు కట్టాలట కదా’ అంటారు. అది సివిల్ కోర్టు లెక్క. వినియోగదారుల కమిషన్ ఫీజుకు కొలత మనం అడిగే పరిహారం కాదు, ఆసుపత్రికి మనం కట్టిన డబ్బు. అది రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. రూ.10 లక్షల దాకా రూ.200, రూ.20 లక్షల దాకా రూ.400, రూ.50 లక్షల దాకా రూ.1000. రూ.200 అంటే బందరు కోనేరు సెంటర్లో ఇద్దరు కూర్చుని టిఫిను, కాఫీ కానిచ్చినంత.

ఏ స్థాయి కమిషన్‌కు వెళ్లాలో తేల్చేది కూడా ఆ కట్టిన డబ్బే. 1986 నాటి పాత చట్టంలో అడిగే పరిహారాన్నీ కలిపి లెక్కేసేవారు. జిల్లా ఫోరం పరిధి రూ.20 లక్షల దగ్గర ఆగిపోయేది, అంతకు మించి అడిగితే రాష్ట్ర కమిషన్‌కు పోవాల్సిందే. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 చట్టం ఈ లెక్కను తిరగేసింది. 2021 డిసెంబరు నిబంధనల ప్రకారం కట్టిన బిల్లు రూ.50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్, రూ.2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆపైన ఢిల్లీలోని జాతీయ కమిషన్. ఈ పద్ధతి సరైనదేనని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి రూ.48 వేల బిల్లు మీద కోటి రూపాయలు అడిగినా ఆ కేసు బందరులోనే నడుస్తుంది.

దివిసీమ వాళ్లకు ఇంతకన్నా పెద్ద వెసులుబాటు ఇంకోటుంది. కోడూరులోనో నాగాయలంకలోనో జబ్బు ముదిరితే విజయవాడకో గుంటూరుకో హైదరాబాదుకో తీసుకెళ్లడం మామూలు. పాత చట్టంలో ఆసుపత్రి ఉన్న ఊళ్లో, లేదా సంఘటన జరిగిన చోట కేసు వేయాలి. ఇప్పుడు 34వ సెక్షన్ ఫిర్యాదుదారు నివసించే చోట, పనిచేసుకునే చోట కూడా వేయొచ్చంటోంది. హైదరాబాదులోని కార్పొరేట్ ఆసుపత్రి తన ప్లీడరును పంపుకోవాల్సింది బందరుకే. వాయిదాలకు తిరిగే బస్సు ఛార్జీ మారింది, అది కట్టేవాళ్లూ మారారు.

తలుపు ఇంత బార్లా తీసిపెట్టినా లోపలికి వెళ్లినవాళ్లలో చాలామంది ఉత్త చేతులతో తిరిగొస్తారు. వాళ్ల దగ్గర డబ్బు లేకో, ప్లీడరు చేతగానివాడయ్యో కాదు, కాగితం లేక. ఆ కాగితం సంగతికి వద్దాం. దానికి ముందు అసలు ఈ చట్టం ఎవరిదో చూడాలి.

ఢిల్లీ చట్టమా, మన రాష్ట్ర చట్టమా?

గుడివాడ, పామర్రు, చల్లపల్లి వైపు ఇంటికొకరు అమెరికాలో ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇక్కడ తండ్రికి వైద్యంలో పొరపాటు జరిగితే అక్కణ్నుంచి మొదట వచ్చే ఫోను, ‘మాల్‌ప్రాక్టీస్ కేసు వేద్దాం నాన్నా, మిలియన్లు వస్తాయి’ అని. అక్కడ ఆ చట్టం రాష్ట్రానికొక తీరు. కాలిఫోర్నియా 1975లో నొప్పికీ మనోవ్యథకూ ఇచ్చే పరిహారానికి 2.5 లక్షల డాలర్ల పరిమితి పెట్టి, 47 ఏళ్లపాటు ఆ అంకెను కదపలేదు. 2023 నుంచే దాన్ని 3.5 లక్షలకు, మరణమైతే 5 లక్షలకు పెంచి ఏటా కొంత కలుపుతోంది. టెక్సాస్ 2003లో అలాంటి పరిమితే పెట్టి, కేసు మొదలైన 120 రోజుల్లో నిపుణుడి నివేదిక దాఖలు చేయాలని షరతు కూడా పెట్టింది. అంటే డాలస్‌లో ఉన్న కొడుక్కి, శాన్‌హోజేలో ఉన్న కూతురికి ఒకే దేశంలో రెండు చట్టాలు.

మన దగ్గర అలా కాదు. రోగికి పరిహారం ఇప్పించే ప్రధాన చట్టం పార్లమెంటుది, శ్రీకాకుళానికైనా శ్రీనగర్‌కైనా అదే. పరిహారానికి గరిష్ఠ పరిమితి అంటూ ఏదీ లేదు. ఆ మాట వినగానే ఫోనులో ఉత్సాహం పెరుగుతుంది కాబట్టి ఇంకో తేడా కూడా చెప్పేయాలి. అమెరికాలో ప్లీడరు ముందు తన డబ్బు పెట్టి, గెలిస్తే వాటా తీసుకుంటాడు. ఇక్కడ బార్ కౌన్సిల్ నియమం వాటా బేరాన్ని నిషేధించింది. గెలిచినా ఓడినా ఖర్చు కుటుంబానిదే.

మరి రాష్ట్ర చట్టం ఏం చేస్తోంది? నాలుగు పనులు చేస్తోంది. 1968 నాటి వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టం కింద రాష్ట్ర వైద్య మండలి డాక్టరు పేరును పట్టికలో ఉంచుతుంది, తప్పు తేలితే హెచ్చరిస్తుంది, కొంతకాలమో శాశ్వతంగానో పేరు తీసేస్తుంది. 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద ఆసుపత్రులు, నర్సింగ్‌హోమ్‌లు, ల్యాబులు జిల్లాలో రిజిస్టరు కావాలి, ఆ పని జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయం చుట్టూ నడుస్తుంది. 1956 నాటి కోర్టు ఫీజుల చట్టం సివిల్ దావాకు స్టాంపు ఎంతో చెబుతుంది. ఇక 2008 చట్టం వైద్య సిబ్బంది మీద దాడికి మూడేళ్ల దాకా జైలు, రూ.50 వేల దాకా జరిమానా విధించి, పగలగొట్టిన పరికరాల విలువకు రెట్టింపు కట్టించమంటుంది. నాలుగింటినీ వరుసగా పెట్టి చూస్తే వింతగా ఉంటుంది. నష్టపరిహారం మాట ఎత్తిన ఒకే ఒక్క రాష్ట్ర చట్టం దాన్ని ఇప్పించేది ఆసుపత్రికి. ఆ చట్టం అక్కరలేదని నేననను. రాత్రి డ్యూటీలో ఉన్న హౌస్‌సర్జన్ మీద చేయిచేసుకోవడాన్ని ఎవరు సమర్థిస్తారు? లెక్క మాత్రం అలా ఉంది.

72 గంటలు

భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి నియమావళి ఇప్పటికీ నడుస్తోంది. 2023లో కొత్త నిబంధనలు వచ్చినట్టే వచ్చి నెల తిరక్కుండానే ఆగిపోయాయి. పాత నియమావళిలో రోగికి పనికొచ్చే అంకెలు రెండున్నాయి. ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డును వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలి. రోగిగానీ రోగి తరఫున అధికారమున్న మనిషిగానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే వృత్తిపరమైన దుష్ప్రవర్తన, డాక్టరు మీద వైద్య మండలికి ఫిర్యాదు చేయడానికి ఆ ఒక్క కారణం చాలు. ఆ ఫిర్యాదును ఆరు నెలల్లో తేల్చాలని కూడా అందులోనే ఉంది.

అడగడమెలాగో చాలామందికి తెలీదు. కౌంటరు దగ్గర నిలబడి నోటితో అడుగుతారు. ‘సార్ లేరు, సోమవారం రండి’ అంటారు. సోమవారం వెళ్తే డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటి చేతిలో పెడతారు. అది కేస్‌షీట్ కాదు, ఆసుపత్రి తన మాటల్లో రాసుకున్న ముగింపు. కావాల్సింది దాని వెనకున్న కట్ట: చేరిన రోజు నోట్సు, గంటగంటకూ నాడి, బీపీ రాసిన నర్సు పట్టిక, మందులిచ్చిన పట్టిక, మత్తు డాక్టరు నోట్సు, ఆపరేషన్ నోట్సు, ల్యాబు రిపోర్టులు, సంతకం పెట్టించుకున్న అంగీకార పత్రం, వేరే ఆసుపత్రికి పంపితే రిఫరల్ చీటీ. దరఖాస్తు కాగితం మీద రాసి, రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. వేయకపోతే అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో పంపితే ఆ రసీదు తేదీ నుంచి 72 గంటలు లెక్కపెట్టుకోవచ్చు.

నా అనుభవం ఒకటి. దగ్గరి బంధువు ఒకాయన పోయాక కేస్‌షీట్ కోసం ఒక ఆసుపత్రి చుట్టూ తిరిగాను. పదకొండో రోజున ఇచ్చారు. నర్సు పట్టికలో ఒక రాత్రంతా నాడి గంట గంటకూ ఒకే అంకె, ఒకే సిరా, ఒకే చేతిరాత. ఆ రాత్రి మంచం పక్కన కూర్చున్నది నేనే. తెల్లవారేలోపు ఎవరెన్నిసార్లు వచ్చారో నాకు గుర్తుంది, కానీ నా గుర్తుకు ముద్ర లేదు. మేం కేసు వేయలేదు. ఆ పట్టికను మూడో రోజునే చూసి ఉంటే వేసేవాళ్లమేమో.

కాగితాల్లో అన్నిటికన్నా చేజారేది పోస్టుమార్టం రిపోర్టు. మరణంపై అనుమానం ఉన్నప్పుడు కారణం తేల్చేది అదే. కానీ దేహం ఇంకా ఆసుపత్రిలో ఉన్న ఆ రెండు మూడు గంటల్లో ‘కోయించడమెందుకు, తీసుకెళ్లిపోదాం’ అనే పెద్దవాళ్లే ఎక్కువ. అంబులెన్సు దివిసీమలోకి దిగే పులిగడ్డ దాటేసరికే ఆ దారి సగం మూసుకుపోతుంది, మర్నాడు దహనంతో పూర్తిగా. ఏడాది తర్వాత కమిషన్‌లో ఆసుపత్రి ప్లీడరు అడిగే మొదటి ప్రశ్న, ‘గుండెపోటు కాదని మీకెలా తెలుసు?’

పాము కాటు, పది వయల్స్, ఒక గాజు గొట్టం

నిర్లక్ష్యం అంటే ఏమిటో దివిసీమ వాళ్లకు చెప్పడానికి పాము కాటును మించిన ఉదాహరణ లేదు. 2018 ఆగస్టులో అక్కడ కాట్లు ఎంత పెరిగాయంటే, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి సన్నిధిలో సర్పశాంతి హోమం కూడా చేయించారు. హోమం సంగతి అలా ఉంచితే ఆసుపత్రి చేయాల్సిన పనికి రాసిపెట్టిన పద్ధతి ఉంది. శుభ్రమైన గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. గడ్డకట్టకపోతే విషం రక్తంలోకి ఎక్కినట్టు. విరుగుడు మొదటి మోతాదు సాధారణంగా 10 వయల్స్. రక్తపింజరి కాటులో అవసరాన్ని బట్టి ఆరు గంటల తర్వాత మళ్లీ పరీక్ష. కట్లపాము, తాచు కాటులో ఊపిరి కండరాలు పడిపోతాయి కాబట్టి వెంటిలేటరు ఉన్నచోటికి చేర్చాలి.

ఇప్పుడు రెండు సంఘటనలు ఊహించండి. ఒకదాంట్లో అవనిగడ్డలో చిన్న ఆసుపత్రి డాక్టరు పరీక్ష చేసి, పది వయల్స్ ఎక్కించి, టైము రాసి, వెంటిలేటరు కోసం బందరుకు పంపాడు. మనిషి దారిలో పోయాడు. రెండోదాంట్లో విరుగుడు అల్మరాలో ఉండీ ‘ఇక్కడ కాదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి’ అని చీటీ రాసిచ్చాడు. ఇక్కడా మనిషి పోయాడు. చావు రెంటిలోనూ ఒకటే. చట్టం దృష్టిలో మొదటిది నిర్లక్ష్యం కాదు, రెండోదానికి ఆ డాక్టరు గట్టిగానే జవాబు చెప్పుకోవాలి. 1957లో ఒక ఇంగ్లండు కోర్టు పెట్టిన బోలం పరీక్షనే మన కోర్టులు పట్టుకున్నాయి: అదే చదువు, అదే అనుభవం ఉన్న సాధారణ డాక్టరు, అదే చోట, అదే వేళ ఏం చేసి ఉండేవాడు? గొప్ప డాక్టరుతో పోల్చరు. ఫలితం చూసి తీర్పివ్వరు. అత్యవసరంగా వచ్చిన మనిషికి ముందు ప్రాణం నిలిపే చికిత్స చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది, కాబట్టి రెండో డాక్టరు ‘నాకు సౌకర్యాలు లేవు’ అని తప్పించుకోవడం కష్టం.

అయితే డాక్టరు ఏం చేసి ఉండాలో కమిషన్‌కు ఎవరు చెప్పాలి? ఇక్కడే ఫిర్యాదుదారులు బోల్తా పడేవారు. ఒక డాక్టరు మీద ఇంకో డాక్టరు అదే జిల్లాలో సాక్ష్యం చెప్పడం అంత తేలిక కాదు. 2009లో ఒక సుప్రీంకోర్టు తీర్పు అసలు నోటీసు ఇవ్వకముందే నిపుణుల అభిప్రాయం ఉండాలన్నట్టు మాట్లాడింది. ఆ ముడిని విప్పింది ఒక తెలుగు కేసే. 2002 జులైలో హైదరాబాదులో ఒక మలేరియా విభాగం ఉద్యోగి భార్యకు జ్వరమొచ్చింది. ఆసుపత్రిలో టైఫాయిడ్‌కు వైద్యం చేశారు. పరిస్థితి విషమించి మరో ఆసుపత్రికి మారిస్తే అక్కడ రక్తంలో మలేరియా కనిపించింది, టైఫాయిడ్ లేదని పరీక్ష తేల్చింది. ఆమె బతకలేదు. మలేరియా ఉద్యోగి ఇంట్లో మలేరియాను ఆసుపత్రి గుర్తించలేకపోవడం, రాసినవాడిని నమ్మరు గానీ జరిగింది. జిల్లా ఫోరం రూ.2 లక్షల పరిహారం, రూ.10 వేలు వాపసు ఇమ్మంది. రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, కారణం నిపుణుడి సాక్ష్యం లేదని. జాతీయ కమిషన్ దాన్నే ఖాయం చేసింది. 2010 మార్చి 8న సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పును నిలబెట్టింది. ప్రతి కేసులో నిపుణుడు అక్కర్లేదు, కాగితాలే మాట్లాడుతుంటే చాలు అంది. కిషన్‌రావు కేసుగా దేశమంతా చెప్పుకునే తీర్పు అది. దాన్ని గెలిపించింది రెండో ఆసుపత్రి రిపోర్టు, అంటే మళ్లీ కాగితమే.

నిపుణుడి అవసరమే లేకుండా తేలిపోయే సందర్భం ఇంకోటుంది. చదవని వైద్యం చేయడం. 1996 మే 10న సుప్రీంకోర్టు తీర్పిచ్చిన కేసులో హోమియో డాక్టరు అల్లోపతీ మందులిచ్చాడు, రోగి పోయాడు. వేరుగా రుజువు అక్కర్లేదు, అదే నిర్లక్ష్యం అని రూ.3 లక్షలు ఇప్పించారు. పల్లెల్లో ఆర్‌ఎంపీలు సెలైన్లు ఎక్కించడం, యాంటీబయాటిక్ సూదులు వేయడం చూస్తూనే ఉంటాం. వాళ్లు అర్ధరాత్రి పిలిస్తే వస్తారు, అప్పు పెడతారు, ఆ సేవను నేను తక్కువ చేయను. కానీ వికటిస్తే మాత్రం ఈ తీర్పు ముందు వాళ్ల దగ్గర మాట ఉండదు. వాళ్ల మీద కేసు వేసేవాళ్లూ ఉండరు, ఎందుకంటే బిల్లు ఉండదు.

ఓపీ చీటీ పట్టుకుంటే వినియోగదారు కారు

1995 నవంబరు 13న వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు డాక్టర్లను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. లాయర్లను ఆ చట్టం నుంచి తప్పిస్తూ 2024 మేలో తీర్పిచ్చిన ధర్మాసనం డాక్టర్ల విషయం కూడా మళ్లీ చూడాలంది. ఆ ఏడాది నవంబరులో ముగ్గురు న్యాయమూర్తులు, అక్కర్లేదని ముగించారు. 1995 తీర్పు గీసిన గీత అలాగే ఉంది: అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి ఈ చట్టంలోకి రాదు. నామమాత్రపు రిజిస్ట్రేషన్ రుసుము లెక్కలోకి రాదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేస్తే మాత్రం, ఉచితంగా చేయించుకున్నవాళ్లూ వినియోగదారులే. బీమా కంపెనీయో యజమానో బిల్లు కడితే రోగి కట్టినట్టే.

2023 సెప్టెంబరు 15న 150 ఎంబీబీఎస్ సీట్లతో వైద్య కళాశాల వచ్చాక బందరు ప్రభుత్వాసుపత్రికి వెళ్లే పేదవాళ్లు ఇంకా పెరుగుతారు. అక్కడ పొరపాటు జరిగితే వాళ్లకు ఆ సున్నా ఫీజు తలుపు మూసే ఉంది. సివిల్ కోర్టుకు వెళ్లాలి, రెండు నెలల ముందు ప్రభుత్వానికి నోటీసివ్వాలి, 1956 చట్టం కింద స్టాంపు కట్టాలి. గెలవరని కాదు. హరియాణాలో ఏడుగురు పిల్లల తల్లి ప్రభుత్వాసుపత్రిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంది. రెండు గొట్టాల్లో ఒకటే ముడివేశారు. ఎనిమిదో బిడ్డ పుట్టింది. రూ.54 వేలు చెల్లించమన్న తీర్పుపై ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా పోరాడి 2000 సంవత్సరంలో ఓడిపోయింది. రూ.54 వేల కోసం ఒక రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీ దాకా వెళ్లిందంటే దానికైన ఖర్చెంతో నేను ఊహించదలచుకోలేదు. ఎక్కువ డబ్బున్నవాడికి సున్నా ఫీజు, డబ్బులేనివాడికి స్టాంపు ఖర్చు. ఈ చట్టంలో నాకు అన్నిటికన్నా మింగుడుపడని అంకె ఇదే.

రూ.2 లక్షలు, కోటి, ఆరు కోట్లు

మలేరియా కేసులో రూ.2 లక్షలు. అదే హైదరాబాదులో, 1990లో నిమ్స్‌లో ఇరవై ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థికి ఛాతీలో గడ్డ తీశారు. అంగీకారం తీసుకున్నది పరీక్ష కోసం ముక్క తీయడానికి, చేసింది పూర్తి ఆపరేషన్. న్యూరోసర్జన్ లేడు. కాళ్లు పడిపోయాయి. 1993లో వేసిన కేసులో జాతీయ కమిషన్ 1999లో రూ.15.5 లక్షలిచ్చింది. ప్రశాంత్ ధనంక అనే ఆ యువకుడు చక్రాల కుర్చీలోంచి సుప్రీంకోర్టులో తన కేసు తానే వాదించుకున్నాడు. 2009 మే 14న కోటి రూపాయలు, 6 శాతం వడ్డీ. ఇక కలకత్తా కేసు. అమెరికాలో ఉంటున్న దంపతులు 1998లో సెలవులకు వచ్చారు, చర్మ జబ్బుకు స్టెరాయిడ్లు అతిగా వాడటంతో ఆమె పోయింది. 2013 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ఇచ్చిన పరిహారం ఖర్చులు కలిపి రూ.6,08,00,550.

ఆ చివరి అంకెను విడదీయాలి. కోర్టు ఖర్చుల కింద రూ.11.5 లక్షలు తీసేస్తే మిగిలేది రూ.5.96 కోట్లు. అందులో ఆమె సంపాదన పోయినందుకు రూ.5.72 కోట్లు, అంటే సుమారు 96 శాతం. నొప్పికి, బాధకు ఇచ్చింది రూ.10 లక్షలు. భర్త సాహచర్యం కోల్పోయినందుకు లక్ష. పరిహారం అనగానే మనం ఊహించుకునే కన్నీళ్ల వెల అంతే, మిగిలింది దాదాపుగా జీతం చీటీ.

దీన్నే మన ఊరి లెక్కలో చూద్దాం. మోటారు ప్రమాదాల కేసుల్లో సుప్రీంకోర్టు స్థిరపరిచిన సూత్రం ఉంది. వైద్య కేసులకు దాన్నే పట్టుకోనక్కర్లేదని కలకత్తా తీర్పులోనే అన్నా, అంచనాకు అది పనికొస్తుంది. 32 ఏళ్ల మనిషి, ముగ్గురు ఆధారపడినవాళ్లు. నాగాయలంక చేపల చెరువు మీద నెలకు రూ.10 వేలు తెచ్చే కూలీ అయితే: ఏడాదికి రూ.1.2 లక్షలు, ముందుముందు పెరిగే ఆదాయానికి 40 శాతం కలిపితే రూ.1.68 లక్షలు, సొంత ఖర్చుకు మూడో వంతు తీస్తే రూ.1.12 లక్షలు, ఆ వయసుకు గుణకం 16. మొత్తం రూ.17.92 లక్షలు. అదే వయసులో నెలకు లక్ష జీతమున్న సాఫ్ట్‌వేరు ఉద్యోగి అయితే, పన్ను పక్కన పెడితే, శాశ్వత ఉద్యోగమని 50 శాతం కలిపి రూ.1.92 కోట్లు. జీతం పదింతలు, పరిహారం పదింతలకు పైనే. ఒకే ఆపరేషన్ బల్ల, ఒకే పొరపాటు.

కూలీకి జీతం చీటీ కూడా ఉండదు. చెరువు యజమాని రాసిచ్చిన కాగితమో, బ్యాంకు పాసుపుస్తకమో, ఉపాధి హామీ కార్డో చూపిస్తేనే ఆ రూ.10 వేలైనా నిలబడతాయి.

చట్టంలో మూడు నెలలు

ఎదుటివారికి నోటీసు అందిన మూడు నెలల్లో, ల్యాబు పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో కేసు తేల్చాలని చట్టం. ధనంక కేసు 16 ఏళ్లు పట్టింది, మలేరియా కేసు ఎనిమిదేళ్ల దాకా. ఆసుపత్రి తన జవాబు దాఖలు చేయడానికి మాత్రం 30 రోజులు, మహా అయితే ఇంకో 15. ఆ 45 దాటితే ఒక్క రోజు కూడా పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని 2020 మార్చిలో రాజ్యాంగ ధర్మాసనం కట్టె విరిచినట్టు చెప్పింది. అప్పీలుకు 45 రోజులు, ఓడిన ఆసుపత్రి సగం సొమ్ము డిపాజిట్ చేస్తేనే అప్పీలు. తీర్పు వచ్చినా చెల్లించకపోతే నెల నుంచి మూడేళ్ల జైలు, లేదా రూ.25 వేలకు తగ్గని జరిమానా, లేదా రెండూ.

రోగి వైపు గడువు రెండేళ్లు. సంఘటన జరిగిన నాటి నుంచా, తెలిసిన నాటి నుంచా అన్నదే చిక్కు. ఒకామెకు 1993లో పిత్తాశయం ఆపరేషన్, 2002లో కడుపులో గాజుగుడ్డ దొరికింది, 2004లో కేసు. దొరికిన రోజు నుంచి రెండేళ్ల లోపే వేసింది. అయినా 2010లో సుప్రీంకోర్టు కొట్టేసింది. తొమ్మిదేళ్లు నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చారు, స్వయంగా నర్సు అయ్యుండి ఎందుకు చూపించుకోలేదు అని అడిగింది. కాబట్టి తేదీని ఆపరేషన్ నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించొచ్చు, కానీ ‘ఏడాది మైలలో ఉన్నాం’ అనేది ఆ కారణాల్లో ఉంటుందన్న భరోసా లేదు.

గేటు బయటి తీర్పు

పోలీసు కేసు సంగతి క్లుప్తంగా. 2024 జులై 1కి ముందు ఐపీసీ 304-ఏ, ఇప్పుడు బీఎన్‌ఎస్ 106(1). నిర్లక్ష్యంతో మరణానికి మామూలుగా ఐదేళ్ల దాకా జైలు, అదే వైద్యం చేస్తుండగా జరిగితే రిజిస్టరైన డాక్టరుకు రెండేళ్ల దాకా. 2005 ఆగస్టు 5 నాటి జాకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి, దానికి ముందు మరో డాక్టరు, వీలైతే ప్రభుత్వ డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి, ఊరికే అరెస్టు చేయకూడదు.

నిజానికి మన ఊళ్లలో ఎక్కువ కేసులు తేలేది కమిషన్‌లోనో సివిల్ కోర్టులోనో పోలీసు స్టేషన్‌లోనో కాదు, ఆసుపత్రి గేటు దగ్గర. దేహాన్ని మెట్ల మీద పెడతారు, టెంటు వేస్తారు, సాయంత్రానికి పెద్దమనుషులు లోపలికి వెళ్తారు, రాత్రికి ఒక అంకెతో బయటికొస్తారు. మరణం, తీవ్ర గాయం ఉన్న వైద్య కేసుల్ని మధ్యవర్తిత్వానికి పంపకూడదని 2020 నిబంధనలు వినియోగదారుల కమిషన్‌నే కట్టడి చేశాయి. కమిషన్‌కు లేని అధికారం టెంటు కింది పెద్దమనుషులకుంది! ఆ అంకె ఎంతన్నది కేస్‌షీట్ చూసి కాదు, టెంటులో జనాన్ని చూసి తేలుతుంది. జనం తక్కువున్న కుటుంబానికి తక్కువ. ఈలోపు ఎవరైనా అద్దం పగలగొడితే 2008 చట్టం రంగంలోకి దిగుతుంది, బేరం తిరగబడుతుంది.

డబ్బు చేతిలో పెట్టే ముందు ఒక స్టాంపు కాగితం మీద సంతకం తీసుకుంటారు. ‘వైద్యంలో ఏ లోపమూ లేదు, మాకు ఏ ఫిర్యాదూ లేదు’ అని ఉంటుంది అందులో. రాత్రి పదిన్నరకు, ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషి చేత, వీధి దీపం కింద పెట్టించే సంతకం అది. రేపు మనసు మారి బందరు వెళ్తే కమిషన్ ముందు ఆసుపత్రి ప్లీడరు తీసే మొదటి పత్రం అదే. దాని నకలు ఒకటి ఇమ్మని ఆ రాత్రి అడిగేవాళ్లను నేనింతవరకు చూడలేదు.